ఐరన్‌బ్రిడ్జ్ ఎవరిది? గీసిన ప్రిచర్డ్‌దా, పోసిన డార్బీదా?

పాతవంతెనలు:
బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాను. కిందటి ఆదివారం పిల్లల్ని తీసుకుని ష్రాప్‌షైర్‌లోని ఐరన్‌బ్రిడ్జ్‌కు వెళ్ళాను. ప్రపంచంలో పోత ఇనుముతో కట్టిన మొదటి పెద్ద వంతెన అది. లోతైన లోయ, కింద సెవెర్న్ నది, పైన ముదురు ఎరుపు రంగులో దాదాపు అర్ధచంద్రాకారంలో ఇనుప కమాను. 2018లో మరమ్మతులు ముగించి ఆ ఎరుపు వేశారు. మొదట్లో ఉన్న రంగు అదేనట. పక్కనే పాత సుంకం గుడిసె, దాని మీద ధరల పట్టిక. సైనికులే కాదు, రాజకుటుంబం దాటినా సుంకం కట్టాల్సిందేనని అందులో రాశారు. ఆ వాక్యం దగ్గర మా అమ్మాయి చాలాసేపు నిలబడి నవ్వుకుంది. ఫోటోలు కింద పెట్టాను.

నా ప్రశ్న ఇది. అక్కడ ఎవరిని అడిగినా డార్బీ కట్టించిన వంతెన అంటారు. మూడో ఏబ్రహాం డార్బీ, కోల్‌బ్రుక్‌డేల్ ఇనుప కొలిముల యజమాని. కానీ ఇనుముతో వంతెన కడదామని 1773లోనే ఉత్తరం రాసిందీ, నమూనా గీసిందీ ష్రూస్‌బరీ ఊరి ఆర్కిటెక్ట్ థామస్ ఫార్నోల్స్ ప్రిచర్డ్. పని మొదలైన నెల రోజులకే, 1777 డిసెంబరులో, ఆయన చనిపోయాడు. కమాను లేచింది 1779లో. జనం నడిచింది 1781 జనవరి 1 నుంచి. అంటే తన వంతెనను ఆయన కంటితో చూడలేదు. సొమ్మొకడిది, సోకొకడిది అయినట్టు లేదూ? మీరేమంటారు?

కొలిమి:
సొమ్ము ఎవరిది అన్నది కూడా చూద్దాం. ఆ వంతెనకు మొదట వేసిన అంచనా 3,200 పౌండ్లు. అయిన ఖర్చు 6,000 పౌండ్ల పైమాటే. మిగతాది డార్బీ మీద పడింది. ఆ అప్పు ఆయన్ని బతికున్నంత కాలం వదల్లేదు. 1789లో నలభై నిండకుండానే పోయాడు. ఇక సోకు అంటారా, 1788లో లండన్‌లోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ అనే సంస్థ ఇచ్చిన ఒక బంగారు పతకం. అంతే.

వంతెనలో ఉన్నది దాదాపు 378 టన్నుల ఇనుము, సుమారు 1,700 ముక్కలు. కమానును మోసే వంపు దూలాలను పక్కటెముకలంటారు. ఒక్కో పక్కటెముకలో సగం ముక్క పొడవు సుమారు 70 అడుగులు, దాన్ని ఒకే పోతలో పోశారు. వంతెన కోసం అంత పెద్ద పోత అప్పటికి ఎవరూ పోసి ఉండరు. ఒకే కొలత అనుకున్న ముక్కలు కూడా తీరా చూస్తే కొన్ని సెంటీమీటర్లు తేడాగా ఉన్నాయి. అంటే ప్రతి ముక్కనూ దాని చోటుకు తగ్గట్టు సరిపెట్టుకుంటూ పోయారు. ఇదంతా చేసింది కొలిమి దగ్గరివాళ్ళు. ప్రిచర్డ్ అప్పటికే పోయాడు, పోయే ముందు కూడా ఏడాదికి పైగా జబ్బుతో ఉన్నాడు. కాగితం మీద గీత గీయడానికి టన్నుల ఇనుము అక్కర్లేదు కదా.

అడ్డప్రశ్న:
మరి ఆ ఉత్తరం అందుకున్నవాడి మాటేమిటి? 1773లో ప్రిచర్డ్ రాసింది డార్బీకి కాదు, బ్రోజ్‌లీలో ఉన్న ఇనుప కొలిముల యజమాని జాన్ విల్కిన్సన్‌కు. ఇనుప పిచ్చి విల్కిన్సన్ అని లోకం పిలిచిన మనిషి. తర్వాత ఇనుప పడవ చేసి నీళ్ళ మీద వదిలాడు, చివరికి శవపేటిక కూడా ఇనుముదే చేయించుకున్నాడు. ఇంతటివాడు ప్రోత్సహించకపోతే ప్రిచర్డ్ ఆలోచన ఆ ఉత్తరంలోనే ఉండిపోయేది. కాబట్టి నా ఓటు మూడోవాడికి.

కొలిమి:
అడ్డప్రశ్న గారూ, ఆ మూడోవాడు 1777లో వంతెనలో తన వాటాలన్నీ డార్బీకే అమ్మేసి పక్కకు తప్పుకున్నాడు. పెళ్ళి కుదిర్చి ముహూర్తానికి ముందే బండెక్కిన పెద్దమనిషికి పెళ్ళికొడుకు పీట వేయమంటారా?

వడ్రంగిమనవడు:
నాలుగో పేరు నేను చెబుతాను. థామస్ గ్రెగరీ. డార్బీ కొలిమిలో పోత అచ్చులకు కావాల్సిన చెక్క నమూనాలు తయారుచేసే పనివాళ్ళకు పెద్ద.

మా తాతది తలుపుల పని. పాతవంతెనలు గారు పెట్టిన ఫోటోలను పెద్దవి చేసి అతుకులు చూశాను. నవ్వొచ్చింది. ఒక ముక్కకు బెజ్జం, రెండో ముక్క కొస సన్నగా తీసి అందులోకి దూర్చడం, బిగువు కోసం చీల కొట్టడం. పావురం తోకలా ఒక వైపు వెడల్పయ్యే అతుకులు కూడా కనిపిస్తున్నాయి. ఇది మా ఇంటి గుమ్మానికి మా తాత చేసిన పనే, కాకపోతే ఇనుములో. చెక్కకు అలాంటి అతుకులు కావాలి. ఇనుముకు అవసరం లేదు. ఆ అవసరం లేదన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. తెలిసే దారీ లేదు, ముందు అలాంటిది ఎవరూ కట్టలేదు. అందుకే చేతికి వచ్చిన పనినే చేశారు. వంతెన వివరాలు గీసింది గ్రెగరీయే కావచ్చని కొందరు చరిత్రకారులు అనడానికి కారణం ఈ అతుకులే.

ఇందులో ఎంత ఇనుము వృథా అయిందో కూడా చూడండి. 1796లో అదే నది మీద, కాస్త ఎగువన, బిల్డ్‌వాస్‌లో థామస్ టెల్ఫర్డ్ అనే ఇంజనీరు ఇనుప వంతెన కట్టాడు. ఐరన్‌బ్రిడ్జ్ కమాను 100 అడుగుల ఆరంగుళాలు. టెల్ఫర్డ్‌ది 130 అడుగులు. ఇనుము మాత్రం 173 టన్నులు, అంటే సగం కూడా కాదు. పదిహేడేళ్ళలో ఇనుమును ఇనుముగా చూడటం నేర్చుకున్నారు.

ఒక్క చిక్కు ఉంది. ప్రిచర్డ్ కూడా మొదట నేర్చింది వడ్రంగమే. కాబట్టి ఆ అతుకులు గ్రెగరీవా, ప్రిచర్డ్‌వా అంటే నేను ప్రమాణం చేయలేను.

సున్నపుగోడ:
ఈ చర్చ చదువుతుంటే కోపం వస్తోంది. కోపం మీ మీద కాదు, ఆ వంతెన మీద. మనిషి 54 ఏళ్ళు బతికాడు, ముప్పై ఏళ్ళ పాటు కట్టాడు, చెక్కించాడు, గీశాడు. మనం మాత్రం ఆయన చూడని ఒక్క కట్టడం చుట్టూ తిరుగుతున్నాం.

ప్రిచర్డ్ 1723లో ష్రూస్‌బరీలో పుట్టాడు. వడ్రంగం నుంచి మెల్లగా కట్టడాల వైపు వచ్చాడు. ఆ కాలంలో ఇంగ్లండ్ పల్లెపట్టు ఆర్కిటెక్ట్ అంటే ఇదే దారి. లండన్‌లో రాబర్ట్ ఆడమ్ లాంటివాళ్ళు ఇటలీ వెళ్ళి శిథిలాలను కొలిచి వచ్చి దొరలకు భవనాలు గీసేవాళ్ళు. జిల్లాల్లో మాత్రం చేతిపని నుంచి ఎదిగినవాడే నక్షా గీసేవాడు, సరుకు లెక్క రాసేవాడు, పనివాళ్ళను పిలిచేవాడు, పని చూసేవాడు. పాత ఇంటికి కొత్త ముఖం పెట్టాలన్నా, గుడి గోపురం పక్కన కొత్త గోడ లేపాలన్నా ఆయన్నే పిలిచేవారు.

ఆయన పనులు చూడండి. 1749–50లో ష్రూస్‌బరీలోని సెయింట్ జూలియన్స్ చర్చిని తిరిగి కట్టాడు. పాత గోపురాన్ని అలాగే ఉంచి మిగతాది కొత్తగా లేపాడు. 1758లో లడ్‌లో ఊరిలో హోజియర్స్ ఆమ్స్‌హౌస్, ముసలి పేదవాళ్ళ కోసం. 1760ల మొదట్లో ష్రూస్‌బరీ నది ఒడ్డున అనాథ శిశువుల కోసం ఫౌండ్లింగ్ హాస్పిటల్. ఆ భవనమే ఇప్పుడు ష్రూస్‌బరీ స్కూలు ప్రధాన కట్టడం, 1882లో స్కూలు అక్కడికి మారింది. ఊరి మధ్యలో స్వాన్ హిల్ కోర్ట్ అనే ఇల్లు, ఆ తర్వాత కొన్నేళ్ళకు పల్లెపట్టున హాటన్ గ్రేంజ్ అనే భవనం. ఇవి నిదానమైన ఇటుక కట్టడాలు. వరుసలో కిటికీలు, మధ్యలో గుమ్మం, అనవసరపు హంగు లేదు.

అదే మనిషి 1765లో హెరెఫర్డ్‌షైర్‌లోని క్రాఫ్ట్ కాసిల్ లోపల ఏం చేశాడో చూస్తే ఇద్దరు వేర్వేరు మనుషులా అనిపిస్తుంది. మెట్ల గోడల నిండా గోథిక్ వంపులు (పాత మధ్యయుగపు చర్చిల శైలి), సున్నపు పోత అల్లికలు, మొనదేలిన తోరణాలు. భక్తి కోసం చేసిన గోథిక్ కాదది, ఆట కోసం చేసినది. చక్కెర పాకంతో ముగ్గు వేసినట్టు ఉంటుంది. లడ్‌లో ఊరి సభాభవనం గిల్డ్‌హాల్ ముందుభాగం కూడా ఆ చేతిదే.

ఇంకో వస్తువు ఉంది. అన్నిటికన్నా అదే నాకు ఇష్టం. ఆయన గీతల పుస్తకం ఒకటి అట్లాంటిక్ దాటి వెళ్ళి వాషింగ్టన్‌లోని అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ చేతికి చేరింది. 1760ల నాటిది. చలిమంట గూళ్ళ చట్రాలు, గోడ అలంకారాలు. పక్కనే ఏ పని ఎవరు చెక్కారో పేర్లు, ఖర్చులు. ఒక జిల్లా ఆర్కిటెక్ట్ పనిదినం ఎలా ఉండేదో ఇంత దగ్గరగా చూపేవి ఎక్కువ లేవు. ఒక్క ఇనుప కమాను కోసం దీన్ని మరిచిపోవడం అన్యాయం.

కొలిమి:
సున్నపుగోడ గారూ, మీరు రాసింది ఇష్టంగా చదివాను. కానీ రామాయణంలో పిడకల వేట అయింది. చలిమంట గూటికి అందమైన చట్రం గీసినవాడు నదికి ఇనుప కమాను కట్టగలడని ఎలా అంటాం? పైగా కమాను ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు మొదట అనుకున్న దూరం 120 అడుగులు. కట్టింది 100 అడుగుల ఆరంగుళాలు. మధ్యలో 90 అడుగుల మాట కూడా వచ్చింది. ఇన్నిసార్లు మారిన నమూనాకు కర్త ఒక్కడే ఎలా అవుతాడు?

సున్నపుగోడ:
పిడకలు లేకుండా వంట కాదు. సరే, వంతెన దగ్గరికే వస్తాను.

1776 మార్చిలో వంతెన కట్టడానికి అనుమతిస్తూ పార్లమెంటు చట్టం వచ్చింది. మే నెలలో వంతెన ధర్మకర్తలకు, అంటే ఆ పని నడిపించే పెద్దలకు, ఇనుము మీద అనుమానం పుట్టింది. డార్బీకి ఇచ్చిన పని వెనక్కి తీసుకున్నారు. రాయితో గానీ, ఇటుకతో గానీ, కొయ్యతో గానీ ఒకే కమాను వంతెన గీసి ఇమ్మని పత్రికలో ప్రకటన వేశారు. వచ్చినవి ఏవీ నచ్చలేదు. చివరికి ఎక్కడికి తిరిగి వచ్చారు? ప్రిచర్డ్ నమూనాకే. కొలతలు మారాయి, నిజమే. ఏ కట్టడానికి మారవు? నది మధ్యలో స్తంభం లేకుండా ఒకే ఇనుప కమాను అన్న ముడి మాత్రం విడలేదు. సెవెర్న్ అప్పట్లో బొగ్గు పడవలతో కిక్కిరిసిన నది. రెండు ఒడ్లూ జారిపోయే మట్టి. అక్కడ మధ్యలో స్తంభం వద్దనుకోవడమే సగం పని. ఆ నిర్ణయం కాగితం మీదే జరిగింది, కొలిమిలో కాదు.

లెక్కలపుస్తకం:
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. ఈ పేరు ఎవరిది అన్న గొడవ వంతెన కట్టినప్పుడే మొదలైంది. దాని వెనక డబ్బుంది.

డార్బీ తెలివైన వ్యాపారి. వంతెన లేచిన మరుసటి ఏడాది, 1780లో, విలియం విలియమ్స్ అనే చిత్రకారుడికి పది గినీలు (అప్పటి ఇంగ్లండ్ బంగారు నాణేలు) ఇచ్చి బొమ్మ వేయించాడు. 1782లో మైకేల్ ఏంజెలో రూకర్ గీసిన దృశ్యాన్ని చెక్కి ముద్రలుగా అమ్మారు. వంతెన అంటే కోల్‌బ్రుక్‌డేల్ ఇనుముకు ప్రకటన. చూసినవాడు రేపు ఇనుము కొనడానికి వస్తాడు. అప్పులు పడ్డాడన్నది నిజం, కొలిమి గారూ. కానీ అది త్యాగం కాదు, పెట్టుబడి. తిరిగి రాని పెట్టుబడి.

చనిపోయిన ప్రిచర్డ్ తరఫున బొమ్మ వేయించేవాళ్ళు ఎవరున్నారు? యాభై ఏళ్ళు గడిచాక, 1832లో, జాన్ వైట్ అనే ఆయన వంతెనల మీద ఒక చిన్న పుస్తకం అచ్చు వేశాడు. పెద్ద కమానులకు ఇనుము వాడటం 1773లో ప్రిచర్డ్‌తోనే మొదలైందని దాని పేరులోనే రాశాడు. అప్పటికి చూసినవాళ్ళలో చాలామంది పోయారు.

వంతెన మీద అక్షరాలు గమనించారా? ఈ వంతెనను కోల్‌బ్రుక్‌డేల్‌లో పోశారు, 1779లో నిలబెట్టారు అన్న అర్థంలో ఇనుములోనే పోత పోశారు. ఊరి పేరుంది, ఏడాది ఉంది. మనిషి పేరు ఒక్కటీ లేదు. డార్బీ పేరు కూడా.

పాతవంతెనలు:
ఆ అక్షరాలు చూశాను. పేరు లేదన్న సంగతి మాత్రం ఇప్పటిదాకా తట్టలేదు.

వడ్రంగిమనవడు:
సున్నపుగోడ గారి పుస్తకం మాట రాత్రి నుంచి తలలో తిరుగుతోంది. పిడకల వేట అని కొలిమి గారు తోసేశారు గానీ, ఈ తగవుకు అదే సాక్ష్యం అనిపిస్తోంది.

ప్రిచర్డ్ ఏం చేశాడు? తాను గీసిన చట్రం పక్కన చెక్కినవాడి పేరు రాశాడు. అంటే ఆయన దృష్టిలో గీత ఒకరిది, చెయ్యి ఇంకొకరిది, రెండూ ఒకే పేజీలో ఉండాలి. ఆయనే బతికి ఉండి ఆ వంతెన పేజీ రాసుకుంటే? గీత ప్రిచర్డ్, అచ్చు గ్రెగరీ, పోత డార్బీ అని వరుసగా రాసి, చివర ఖర్చు వేసేవాడు. మనం ఇక్కడ ఒక్క పేరే మిగలాలని కొట్టుకుంటున్నాం. ఆయన పుస్తకంలో ఆ పద్ధతే లేదు.

కొలిమి:
మీ మాట బాగుంది, కానీ మరీ తీపి. ఆ పేర్లు గౌరవం కోసం రాసినవి కావు. ఎవరికి ఎంత ఇవ్వాలో మరిచిపోకుండా రాసుకున్న పద్దు. పనివాడి పేరు ముఠామేస్త్రీ చిట్టాలోనూ ఉంటుంది, అంతమాత్రాన మేస్త్రీ సమానత్వవాది అయిపోడు.

ఇంకా ఒకటి. ఆ వరుసలో మీరొక పని మరిచిపోయారు. నిలబెట్టడం. ఐదున్నర టన్నుల ముక్కలను నది మీద ఎలా ఎత్తారన్నది చాలాకాలం ఎవరికీ అంతుచిక్కలేదు. 1997లో స్టాక్‌హోమ్‌లో ఒక నీటిరంగు బొమ్మ బయటపడింది. ఎలియాస్ మార్టిన్ అనే స్వీడన్ చిత్రకారుడు, వంతెన సగం లేచి ఉండగా గీసినది. నదిలో నిలబెట్టిన కొయ్య దూలాల చట్రం, దాని సాయంతో లేస్తున్న పక్కటెముకలు అందులో ఉన్నాయి. ఆ బొమ్మ ఆధారంగా 2001లో సగం కొలతతో ఒక నమూనా వంతెన కట్టి, ఆ పద్ధతి పనిచేస్తుందని చూపారు. ఆ చట్రం ఆలోచన ప్రిచర్డ్ కాగితాల్లో లేదు. ఉండే అవకాశం కూడా లేదు.

ఒక మెట్టు దిగుతాను. 1776లో ధర్మకర్తలు తిరిగి ప్రిచర్డ్ దగ్గరికే వచ్చారన్నది బలమైన మాట. కాబట్టి గీసినవాడు ప్రిచర్డ్ అంటే ఇకమీద అడ్డు చెప్పను. కట్టినవాడు అంటే మాత్రం చెబుతాను.

సున్నపుగోడ:
ఆ చట్రం విషయం ఒప్పుకుంటున్నాను. పద్దు అన్నది మాత్రం ఒప్పుకోను. పద్దు అయితే బొమ్మ పక్కన, అంత శ్రద్ధగా వేసిన నీడల పక్కన ఎందుకు రాస్తాడు? వేరే చిట్టా ఉండదా? ఏమైనా, గీసినవాడు అన్నారు, అది చాలు. నేను అడిగింది అంతకన్నా తక్కువే.

లెక్కలపుస్తకం:
గీసినవాడికి పేరు ఇస్తే, లోపాలు కూడా ఆయన ఖాతాలోనే వేస్తారా? 1784 నాటికే దక్షిణపు ఒడ్డున రాతి కట్టుబడి పగుళ్ళు పట్టింది. 1802లో దాన్ని పడగొట్టి కొయ్య కమానులు పెట్టారు, 1821లో వాటి బదులు ఇనుపవి. ఒడ్లు లోపలికి జరుగుతూనే ఉంటే 1970ల్లో నది అడుగున కాంక్రీటు పోసి రెండు ఒడ్లనూ ఆపారు.

సున్నపుగోడ:
వేయండి. దాని కిందే 1795 వరద కూడా రాయండి. ఆ ఏడు సెవెర్న్ పొంగి నది పొడవునా వంతెనలను దెబ్బతీసింది. రాతివి పోయాయి, కొయ్యవి పోయాయి. ఇది నిలబడింది, నీళ్ళు ఇనుప చట్రం సందుల్లోంచి పోయాయి కాబట్టి. టెల్ఫర్డ్‌కు బిల్డ్‌వాస్‌లో పని దొరికింది కూడా అక్కడి పాత వంతెన ఆ వరదలో పోయాకే.

పాతవంతెనలు:
ప్రశ్న వేసినప్పుడు ఒక్క పేరు తేలుతుందనుకున్నాను. ఇప్పుడు ఎరుపు వంతెన ఫోటోల కన్నా క్రాఫ్ట్ కాసిల్ మెట్లే ఎక్కువసేపు చూస్తున్నాను. వచ్చే శనివారం లడ్‌లో వెళ్తున్నాం. గిల్డ్‌హాల్ ముందుభాగం, హోజియర్స్ ఆమ్స్‌హౌస్ ఫోటోలు తీసి ఇక్కడే పెడతాను. ఏ వైపు నుంచి చూడాలో సున్నపుగోడ గారు చెబితే మేలు.

సున్నపుగోడ:
గిల్డ్‌హాల్‌కు వీధి అవతలి గట్టు మీద నిలబడండి. దగ్గరికి వెళ్తే కిటికీల పైన మొనదేలిన వంపులు కుదించుకుపోయి కనిపిస్తాయి. ఆమ్స్‌హౌస్ చర్చి పక్కనే ఉంటుంది, వెతకక్కర్లేదు. వీలైతే గుమ్మం చట్రం దగ్గరగా ఒకటి తీయండి, వడ్రంగిమనవడు గారికి పని దొరుకుతుంది.

అడ్డప్రశ్న:
విల్కిన్సన్ సంగతి ఎవరూ తేల్చలేదని మనవి.